వాల్‌ప్రోయేట్‌ను ఖాళీ చేసే యాంటీబయాటిక్

ఫిట్స్ మాత్ర ఒక్క పూట కూడా తప్పలేదు. ఏళ్ల తరబడి ఫిట్స్ రానే లేదు. న్యుమోనియాతో ఐసీయూలో చేర్చి మెరోపెనెం ఇంజక్షన్ మొదలుపెట్టాక మళ్లీ వచ్చాయి. "మాత్ర ఇస్తూనే ఉన్నారు కదా, మరెందుకు?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే! ఆ జవాబు కోసం పరిశోధకులు పదేళ్లకు పైగా దారి తప్పి తిరిగారు.

ఆ మాత్ర వాల్‌ప్రోయేట్. 1967లో ఫ్రాన్స్‌లో మార్కెట్‌లోకి వచ్చింది. రక్తంలో మిల్లీలీటరుకు 50 నుంచి 100 మైక్రోగ్రాములు ఉంటే పనిచేస్తున్నట్టు లెక్క. మెరోపెనెం లాంటి కార్బపెనెం యాంటీబయాటిక్ తోడైతే ఒకటి రెండు రోజుల్లోనే ఆ మట్టం సగానికి పైగా, ఒక్కోసారి 90 శాతం దాకా పడిపోతుంది.

జ్వరం వల్లనో, ఇన్‌ఫెక్షన్ వల్లనో ఫిట్స్ వచ్చాయనుకోవడం తేలిక. 1990లలో జపాన్ నుంచి ఇలాంటి కేసుల నివేదికలు రావడం మొదలయ్యాక పేగుల మీద అనుమానం పడింది: మాత్ర సరిగ్గా ఒంటబట్టడం లేదేమో! కానీ వాల్‌ప్రోయేట్‌ను నేరుగా నరంలోకి ఎక్కించినా మట్టం పడిపోయింది. మందు ఎర్ర రక్తకణాల్లోకి చేరిపోతోందన్న వాదమూ వచ్చింది. అసలు గుట్టు కాలేయంలో ఉంది.

కాలేయం వాల్‌ప్రోయేట్‌కు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని అతికిస్తుంది. నీటిలో తేలిగ్గా కరిగే ఆ జంట మూత్రంలో వెళ్లిపోతుంది. పాఠాల్లో కథ సాధారణంగా ఇక్కడే ఆగుతుంది. అద్భుతమంతా ఆ తర్వాతే! అదే కాలేయంలో ఎసైల్‌పెప్టైడ్ హైడ్రొలేజ్ అనే ఎంజైము ఆ అతుకును ఊడదీసి, వాల్‌ప్రోయేట్‌ను మళ్లీ రక్తంలోకి వదులుతూ ఉంటుంది. ఒక చెయ్యి మూట కడుతుంటే ఇంకో చెయ్యి విప్పుతున్నట్టు. రోగి రక్తంలో మందు మట్టం నిలకడగా ఉండేది ఈ రెండు పనులూ సాగుతున్నంతకాలమే. మెరోపెనెం విప్పే చేతిని కట్టేస్తుంది. కట్టిన మూటలన్నీ మూత్రంలోకే. ఈ ఎంజైము ఏదో 2010లో జపాన్ పరిశోధకులే తేల్చారు.

అందుకే వాల్‌ప్రోయేట్ మోతాదు పెంచినా పెద్దగా ఫలితం ఉండదు: పెంచినదీ బయటికే పోతుంది. వాల్‌ప్రోయేట్ ఎక్కువగా మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారికి కొందరు డాక్టర్లు ఇదే గుణాన్ని మందుగా వాడి మెరోపెనెం ఇచ్చారు కూడా.

ఇంత తెలిశాక కూడా ఈ రెండు మందులూ ఒకే చీటీలో కనిపించడం బాధాకరం. వేరే యాంటీబయాటిక్ ఉంటే అదే మేలు. తప్పకపోతే లెవెటిరాసెటాం లాంటి మరో ఫిట్స్ మందు తోడుగా ఇవ్వాలి. మెరోపెనెం ఆపిన వెంటనే ఆ తోడు మందునూ ఆపేయకూడదు. వాల్‌ప్రోయేట్ మట్టం మామూలు స్థాయికి రావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. రోగి అప్పటికే డిశ్చార్జ్ అయి ఇంట్లో ఉండవచ్చు.