కలేపొదను గుర్తించుట ఎట్లు?

బ్లూబెర్రీ, క్రాన్‌బెర్రీ పొదలు ఆమ్లగుణముగల నేలను, దీర్ఘమగు శీతకాలమును కోరునవి గనుక మన దక్కను శిలాభూములలో స్వయముగ మొలవవు. ఆ స్థానమున ప్రకృతి మనకు ప్రసాదించినవి కలేపొద, దాని జ్ఞాతియగు వాక్కాయ. ఎండకోర్చి గుట్టలపై పెరుగు ఈ పొదల ఆకులు ఎదురెదురుగా జంటలై యుండును. త్రుంపినచో తెల్లని పాలు స్రవించును. వాడియైన ముండ్లు మేకల నోటినుండి లేతకొమ్మలను కాచును. సువాసనగల అయిదురేకుల తెల్లని పూవులు పూచి, పచ్చని కాయలు పండి నలుపెక్కును. వానకాలమున అంగడిలో వాక్కాయ దొరకినచో పప్పులో దాని పులుపును చవిచూడుడు, ఎంత మనోహరము! అయితే విషపూరితమగు పచ్చగన్నేరును ఈ పొదల కుటుంబముదే, దానికిని పాలు కలవు. కావున పాలొక్కటే ప్రమాణముగ గొని, పెద్దలకు చూపక ఏ అడవిపండును నోట నిడరాదు.