ఊపిరితిత్తుల బీపీ: ఒకరి మాత్ర ఇంకొకరికి ముప్పు

అరకు, పాడేరు కొండల్లో నీళ్ల బిందెతో గట్టెక్కుతూ మధ్యలో ఆగిపోయే మనిషికి ఆయాసం దేనివల్లో పైకి తెలియదు. పొయ్యి పొగకు దెబ్బతిన్న ఊపిరితిత్తులు కావచ్చు, చిన్నప్పటి కీళ్లవాత జ్వరంతో పాడైన గుండె కవాటం కావచ్చు, సికిల్ సెల్ అనే రక్తజబ్బు కావచ్చు. ఏది ముదిరినా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరగొచ్చు.

అపోహ: చేతికి పట్టీ కట్టి చూశారు, బీపీ మామూలే. ఇక భయం లేదు.

వాస్తవం: గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే ధమనిలో పీడనం ఆ పట్టీకి అందదు. ఎకోలో అనుమానం తగులుతుంది. గుండె కుడి గదుల మీదుగా ఆ ధమనిలోకి సన్నని గొట్టం పంపి కొలిస్తేనే ఖాయమవుతుంది. సగటు 20 మిల్లీమీటర్లు దాటితే ఎక్కువన్నట్టే.

అపోహ: కొండ మీద బతుకు కాబట్టే ఇది వస్తుంది.

వాస్తవం: ఎత్తు వల్ల వచ్చేది సాధారణంగా 2,500 మీటర్లు దాటిన చోట. అరకు లోయ ఎత్తు సుమారు 900 మీటర్లే.

అపోహ: సిల్డెనాఫిల్ రాశారంటే నలుగురిలో చెప్పుకోలేని మాట.

వాస్తవం: 1998లో వయాగ్రాగా వచ్చిన మందే ఇది. 2005లో అమెరికాలో ఊపిరితిత్తుల ధమని పీడనానికీ అనుమతి వచ్చింది. ఆడవాళ్లకూ రాస్తారు. సిగ్గుపడి దాచకండి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర దీనితో కలిస్తే రక్తపోటు ప్రాణాల మీదికి తెచ్చేంతగా పడిపోతుంది. అందుకే ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా సిల్డెనాఫిల్ వాడుతున్న సంగతి ముందే చెప్పాలి.

అపోహ: పక్కింటాయనకు గుణమిచ్చింది, మనకూ పనిచేస్తుంది.

వాస్తవం: నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. సికిల్ సెల్‌లో ఎర్రకణాలు పగిలి, వాటిలోంచి బయటపడిన హిమోగ్లోబిన్ రక్తనాళాలను వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడును హరించేస్తుంది. సిల్డెనాఫిల్ ఆ లోటు తీరుస్తుందని ఆశపడి అమెరికా, బ్రిటన్లలో పరీక్షించారు. 2009లో మధ్యలోనే ఆపేశారు. మందు వేసుకున్నవారిలో 45 శాతం మందికి తీవ్ర ఇబ్బందులు వచ్చాయి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 22 శాతమే. ఎక్కువమంది ఒళ్లునొప్పులు తట్టుకోలేక ఆసుపత్రిలో చేరినవారే. అందుకే ఈ రోగులకు ముందు హైడ్రాక్సీయూరియాతోనో రక్తమార్పిడితోనో అసలు జబ్బును అదుపు చేస్తారు.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వారికి రక్తపరీక్షలు చేస్తున్నారు. ఆ ఫలితం కాగితాన్ని ఆయాసంతో విశాఖ ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మందుచీటీలతోపాటే పెట్టుకోండి. ఊపిరితిత్తుల ధమని పీడనానికే ఇచ్చే మరో మందు బోసెంటాన్ వాడేవారు నెలనెలా కాలేయ పరీక్ష చేయించుకోవాలి, ఆడవాళ్లయితే గర్భం రాకుండా కూడా చూసుకోవాలి. ఏ మాత్రనూ హఠాత్తుగా ఆపకూడదు. దారి దూరం కాబట్టి, ఇంకో వారానికి సరిపడా ఉండగానే తెప్పించుకోండి.