ఊక బూడిదతో ఎముకకు అతుకు

ప్రమాదం వల్లనో, కణితిని తొలగించడం వల్లనో ఎముకలో కొంత భాగం పోయినప్పుడు చిన్న ఖాళీని శరీరమే పూడ్చుకుంటుంది. ఖాళీ పెద్దదైతే బయటినుంచి ఆధారం అందించక తప్పదు. రోగి తుంటి ఎముకనుంచే కొంత ముక్క తీసి అక్కడ అమర్చడం వైద్యులు ఎక్కువగా నమ్ముకునే పద్ధతి, అయితే అందుకు మరోచోట కోత పెట్టాలి, అలా దొరికే ఎముకా కొద్దిపాటిదే. ఈ కొరతను తీర్చడానికి రూపొందినవే జీవక్రియాశీల సెరామిక్కులు, అంటే శరీరంలో జడంగా పడి ఉండక చుట్టూ ఉన్న ఎముకతో రసాయనికంగా అతుక్కొనే గాజు, పింగాణీ జాతి పదార్థాలు.

వీటిలో మొదటిదాన్ని 1969లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ తయారుచేశాడు. వియత్నాం యుద్ధంలో గాయపడిన సైనికుల శరీరం తిరస్కరించని పదార్థం కావాలని ఒక సైనికాధికారి అడగడమే ఆ పరిశోధనకు ప్రేరణ. 45ఎస్5 అని పేరుపడిన ఆ గాజు బరువులో 45 శాతం సిలికా, 24.5 శాతం చొప్పున కాల్షియం, సోడియం ఆక్సైడ్లు, 6 శాతం ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ ఉంటాయి. శరీర ద్రవాలు తాకగానే గాజులోని సోడియం, కాల్షియం బయటికి వచ్చి, ఉపరితలంపై సిలికా జిగురు పొర ఏర్పడుతుంది. ఆ పొరమీద కాల్షియం, ఫాస్ఫేట్ చేరి క్రమంగా ఎముకలోని ఖనిజాన్ని పోలిన స్ఫటికాలుగా మారగా, ఎముక కణాలు దాన్ని పరాయిదిగా చూడక అక్కడే కొత్త ఎముకను నిర్మిస్తాయి. కరిగించి పోసిన గాజులో సిలికా సుమారు 60 శాతం దాటితే ఈ గుణం పోతుంది.

ఈ గాజుకు కావలసిన సిలికాను పొలం ఇవ్వగలదు. వరి మొక్క నేలలో కరిగి ఉన్న సిలికాను వేళ్లతో పీల్చుకొని ధాన్యపు పొట్టులో పేర్చుకుంటుంది. ధాన్యం బరువులో సుమారు ఐదో వంతు ఊక, ఊకను కాలిస్తే అందులో దాదాపు ఐదో వంతు బూడిద, ఆ బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్లు సిలికా. పైగా ఇది క్వార్ట్జ్ ఇసుకలా గట్టి స్ఫటికం కాదు, పరమాణువులు క్రమం లేకుండా అమరిన రూపం కనుక తేలికగా రసాయన చర్యలో పాల్గొంటుంది. ఆ రూపాన్ని కాపాడటంలోనే అసలు నేర్పు ఉంది. ముందుగా ఊకను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మరిగించి పొటాషియం వంటి మలినాలను తొలగించాలి, లేకుంటే పొటాషియం సిలికాను కరిగించి కార్బన్‌ను లోపలే బంధించడంతో బూడిద నల్లబడుతుంది. తరువాత 600 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చాలి, వేడి మరీ పెరిగితే సిలికా స్ఫటికమైపోతుంది. మిర్యాలగూడలోనో, గోదావరి జిల్లాల్లోనో రైసుమిల్లు బాయిలర్లలో మిగిలే బూడిదకు ఈ అదుపు ఉండదు, అందుచేత దాన్ని నేరుగా వైద్యానికి వాడవచ్చనుకోవడం తొందరపాటు. శుద్ధమైన బూడిదను కాస్టిక్ సోడా ద్రావణంలో కరిగించి సోడియం సిలికేట్‌గా మార్చి, దానికి కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలు కలిపి వేడిచేస్తే గాజు సెరామిక్ వస్తుంది. ప్రయోగశాలల్లో ఇందుకు వాడే ఖరీదైన సిలికాన్ రసాయనాలకు ఊక మంచి ప్రత్యామ్నాయం.

కాల్షియం కోసం కోడిగుడ్డు పెంకులున్నాయి. పెంకులో సుమారు 95 శాతం కాల్షియం కార్బొనేటే. దాన్ని 900 డిగ్రీల వద్ద కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. ఆ సున్నాన్ని ఫాస్ఫారిక్ ఆమ్లంతో కలిపి, 10 కాల్షియం పరమాణువులకు 6 ఫాస్ఫరస్ పరమాణువుల నిష్పత్తి తప్పకుండా చర్య జరిపితే ఎముక ఖనిజానికి దగ్గరైన హైడ్రాక్సీఎపటైట్ తయారవుతుంది. కాల్షియం ఎక్కువైతే మిగిలిన సున్నం తేమను పీల్చి ఉబ్బి ముక్కను పగలగొడుతుంది, తక్కువైతే పదార్థం శరీరంలో త్వరగా కరిగిపోతుంది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో ఈ ముడిసరుకుకు కొరత లేదు.

ఈ పదార్థాలు పెళుసువి, కాబట్టి దవడలోని ఖాళీలను, కణితి తీసిన గుంతలను పూడ్చడానికి రేణువులుగా పనికివస్తాయి కాని, శరీర భారమంతా మోసే తొడ ఎముకకు లోహపు పలక లేకుండా వీటినే ఆధారం చేయలేరు. మరో చిక్కు స్వచ్ఛతది. వరి నేలనుంచి సిలికాతోపాటు ఆర్సెనిక్‌నూ పీల్చుకోగలదు, వైద్యానికి వాడే హైడ్రాక్సీఎపటైట్‌లోనేమో ఆర్సెనిక్ పది లక్షల భాగాలకు 3 భాగాలు మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం. పొలం మారితే, ఆ పొలానికి పారిన నీరు మారితే ఊక స్వభావమూ మారుతుంది కనుక, ఒక విడత బూడిదకు వచ్చిన ఫలితాన్ని మరో విడతకు అన్వయించకుండా ప్రతిదాన్నీ విడిగా పరీక్షించాలి.