టైమ్ కోడ్: దృశ్యానికీ ధ్వనికీ పొత్తు కుదిర్చే కాలగణన

మూడు గంటల సంగీత కచేరీని కెమెరాలు చిత్రీకరిస్తున్నాయి. ధ్వనిని మాత్రం ఒక డిజిటల్ రికార్డరు విడిగా నమోదు చేస్తోంది. మరునాడు ఎడిటింగ్ గదిలో రెండింటినీ కలిపితే తొలి వర్ణం చక్కగా కుదిరింది. మంగళం వచ్చేసరికి గాయకుని పెదవుల కదలిక ఒక తీరున, పాట మరొక తీరున సాగుతున్నాయి. ఏ పరికరమూ చెడిపోలేదు. మరి పొరపాటు ఎక్కడ జరిగింది?

చిత్రీకరణలో ప్రతి ఫ్రేముకూ ఇచ్చే ఎనిమిది అంకెల చిరునామాయే టైమ్ కోడ్. గంటలు, నిమిషాలు, సెకన్లు, ఫ్రేములు ఇందులో వరుసగా ఉంటాయి. మన దేశ టెలివిజన్ ప్రమాణం ప్రకారం సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కొక్క ఫ్రేము సమాచారం 80 బిట్లుగా మారి, ధ్వని సంకేతం మాదిరిగానే మామూలు ఆడియో కేబుల్ ద్వారా ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి చేరుతుంది. రికార్డరు ఆ సమయాన్ని గ్రహించి, తన ఫైలు ఏ క్షణాన మొదలైందో అందులోనే రాసుకుంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ ముద్రను చూసి ధ్వనిని సరైన దృశ్యం పక్కన చేరుస్తుంది.

అయితే చిరునామా వేరు, నడక వేరు. డిజిటల్ రికార్డరు సాధారణంగా సెకనుకు 48,000 శాంపిళ్లను, అంటే ఒక్కో ఫ్రేముకు 1,920 శాంపిళ్లను తీసుకుంటుంది. ఆ లెక్కను నడిపేది దానిలోని క్వార్ట్జ్ స్ఫటికం. కెమెరాలోనూ అలాంటిదే మరొకటి ఉంటుంది. రెండు స్ఫటికాలు అచ్చంగా ఒకే వేగంతో నడవవు. వాటి మధ్య లక్షకు రెండు వంతుల తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు, మూడు గంటలకు 216 మిల్లీసెకన్లు అవుతుంది. అంటే అయిదు ఫ్రేములకు పైమాటే. ధ్వని 45 మిల్లీసెకన్లు ముందుగా వచ్చినా, 125 మిల్లీసెకన్లు ఆలస్యమైనా ప్రేక్షకుడు పసిగట్టగలడని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫార్సు పత్రం చెబుతోంది.

ఉదయం ఒకసారి అన్ని పరికరాలకూ ఒకే టైమ్ కోడ్ అందించి కేబుల్ తీసివేయడాన్ని జామ్ సింక్ అంటారు. దీనివల్ల ఆరంభం కలుస్తుంది, వేగం కలవదు. వేగం కూడా కలవాలంటే ఉమ్మడి గడియార సంకేతం కావాలి. రికార్డరుకు వర్డ్ క్లాక్, కెమెరాకు జెన్‌లాక్ ఒకే మూలం నుంచి నిరంతరాయంగా అందాలి. ఆ సదుపాయం లేనప్పుడు ప్రతి కీర్తన తరువాత రికార్డింగును ఆపి, మళ్లీ జామ్ సింక్ చేసి, కెమెరాల్లోనూ రికార్డరులోనూ కొత్త ఫైళ్లు మొదలుపెట్టడం మేలు. అప్పుడు తేడా పేరుకుపోదు. మొదట్లోనూ చివరలోనూ ఒక చప్పట్లు నమోదు చేస్తే, ఎంత జారిందో ఎడిటరు కొలవగలడు.

ఫ్రేముల సంఖ్యనూ సరిచూసుకోవాలి. అమెరికా విధానంలోని 29.97 ఫ్రేములను 30గా లెక్కిస్తే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది.

సంగీత పరిభాషలో చెప్పాలంటే టైమ్ కోడ్ ఎత్తుగడ, గడియార సంకేతం కాలప్రమాణం. గాయకుడూ మృదంగ విద్వాంసుడూ కలిసి ఎత్తుకుంటేనే చాలదు, చివరిదాకా ఒకే నడకలో సాగాలి. ఒకసారి ముగిసిన కచేరీని మళ్లీ అదే విధంగా పాడించలేము. కనుక ఆ జాగ్రత్త రికార్డింగ్ మీట నొక్కక ముందే తీసుకోవలసినది.