జలాంతర్గామి కోసం పుట్టిన రియాక్టర్

ప్రపంచంలో ఇప్పుడు కరెంటు ఇస్తున్న అణు రియాక్టర్లలో సగానికి పైగా ఒకే కోవవి: పీడన జల రియాక్టర్లు. కూడంకుళంలోవీ అవే. ఊళ్లకు కరెంటివ్వాలని కాదు, ఇరుకైన జలాంతర్గామిలో పట్టించాలని ఈ యంత్రాన్ని తయారు చేశారు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో, దీనికి మామూలు నీళ్లు పనికొస్తాయన్నాడు అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో పనిచేస్తున్న ఆల్విన్ వైన్‌బర్గ్. గొలుసు చర్య సాగేలా న్యూట్రాన్ నెమ్మదించాలంటే గ్రాఫైట్‌లో నూరుసార్లకు పైగా ఢీకొట్టుకోవాలి. నీటిలోని హైడ్రోజన్‌తో ఇరవై లోపే చాలు. అందుకే రియాక్టర్ చిన్నదవుతుంది. వేడిని మోసేదీ ఆ నీరే. నేటి రియాక్టర్లలో వాతావరణ పీడనానికి 155 రెట్లు ఒత్తిడి పెడతారు కాబట్టి 320 డిగ్రీల దగ్గర కూడా అది మరగదు. మరీ వేడెక్కితే పలచబడుతుంది, న్యూట్రాన్లు సరిగా నెమ్మదించవు, చర్య తనంతట తానే తగ్గుతుంది. ఈ డిజైన్‌లో నాకు బాగా నచ్చేది ఇదే.

అసలు చిక్కు ఇంధనపు తొడుగు దగ్గర వచ్చింది. అది వేడినీటికి తుప్పు పట్టకూడదు, న్యూట్రాన్లను మింగకూడదు. జిర్కోనియం తుప్పుకు తట్టుకుంటుంది గానీ న్యూట్రాన్లను తెగ మింగుతుందని పేరుపడింది. తీరా చూస్తే తప్పు దానిది కాదు, దాన్ని అంటిపెట్టుకుని ఉండే 2 శాతం హాఫ్నియంది. రసాయన గుణాల్లో రెండూ కవలల్లాంటివి, విడదీయడం మహా కష్టం. విడదీశాక జిర్కోనియం తొడుగైంది. తీసేసిన హాఫ్నియం, ఆ మింగే గుణంతోనే, కంట్రోల్ రాడ్లకు పనికొచ్చింది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఈనాటికీ జిర్కాన్ ఇసుక తెచ్చి ఈ వేరుచేసే పని చేస్తూనే ఉంది.

జలాంతర్గామి రియాక్టర్ పనిని నడిపించిన అమెరికా నేవీ అధికారి హైమన్ రికోవర్‌కు నిదానం పడదు. ఇడాహో ఎడారిలో, నీటితొట్టిలో నిలబెట్టిన జలాంతర్గామి ముక్కలోనే నమూనా రియాక్టర్ కట్టించాడు. 1953 మార్చి 30న అందులో గొలుసు చర్య మొదలైంది. 1955 జనవరి 17న నాటిలస్ అనే జలాంతర్గామి అణుశక్తితో సముద్రంలోకి కదిలింది. ఈలోగా విమానవాహక నౌక రియాక్టర్ పథకం రద్దయితే, ఆ డిజైన్‌నే ఒడ్డుకు మళ్లించారు. 1957 డిసెంబర్‌లో పెన్సిల్వేనియాలోని షిప్పింగ్‌పోర్ట్ విద్యుత్కేంద్రం 60 మెగావాట్ల కరెంటు ఇచ్చింది.

ఆ తర్వాత రియాక్టర్ల సైజు చకచకా పెరిగింది. రియాక్టర్ ఆపేశాక కూడా ఇంధనంలో వేడి పుడుతూనే ఉంటుంది. యంత్రం ఎంత పెద్దదైతే ఆ వేడి అంత మొండిది. భద్రత గురించి పట్టుబట్టిన వైన్‌బర్గ్‌ను 1973లో ఓక్‌రిడ్జ్ డైరెక్టర్ పదవి నుంచి తప్పించారు. 1979 మార్చిలో, పెన్సిల్వేనియాలోనే త్రీమైల్ ఐలండ్‌లో, తెరుచుకున్న వాల్వు మూసుకోక నీరు పోయింది. పీడన జల రియాక్టరే అదీ. రియాక్టర్ ఆగినా, ఆ మొండి వేడికి లోపలి ఇంధనం సుమారు సగం కరిగిపోయింది.