వీసా కన్నా ముందు వైవా

"ఎప్పుడోయ్ ప్రయాణం?" అని ఈ మధ్య మా కళాశాల వరండాలో నన్ను అడగనివారు లేరు. దాని వెంట జూనియర్ సోదరులు, సోదరీమణులు అడిగే ప్రశ్నలు మరి కొన్ని ఉన్నాయి. ఏ బ్యాంకు మంచిది? స్లాటు ఎలా దొరుకుతుంది? ఇంటర్వ్యూలో ఏమడుగుతారు? ఇన్ని అడిగినవాళ్ళలో ఒక్కరైనా "మరి ఇక్కడి చదువు సంగతేమిటి?" అని అడగలేదు. నా మట్టుకు నాకు అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న అదే. కాబట్టి ఈ సంచికలో నాకిచ్చిన నాలుగు పేజీలూ దానికే వినియోగించదలచాను.

చిక్కంతా రెండు పంచాంగాలలో ఉంది. అమెరికాలో తరగతులు ఆగస్టులో మొదలౌతాయి. మనకు నాలుగో సెమిస్టరు పరీక్షలు, ప్రాజెక్టు, వైవా, ఫలితాలు అన్నీ కలిసి వేసవి మొదలుకొని వానాకాలం దాకా సాగుతాయి. అక్కడి విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రం మీద చదువు ప్రారంభమయ్యే తేదీ ఉంటుంది. ఆ తేదీకి ముప్పై రోజుల ముందు తప్ప దేశంలోకి అడుగు పెట్టనివ్వరు. ఆలస్యంగా పోతే చేర్చుకోరు. అంటే ఇక్కడి ముగింపు, అక్కడి ప్రారంభం ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు, రెండు దేశాల క్యాలెండర్లు అలా ఏడ్చాయంతే!

అడ్మిషను వచ్చింది కదా, ఇక ఇక్కడిది ఉంటేనేం పోతేనేం అనుకునేవారు కొందరున్నారు. వారు గమనించవలసినది ఒకటి ఉంది. మూడు సెమిస్టర్ల మార్కులు చూసి ఇచ్చిన అడ్మిషను షరతులతో కూడినది. తుది మార్కుల జాబితా, డిగ్రీ పట్టా లేక ప్రొవిజనల్ చేరేదాకా చాలా విశ్వవిద్యాలయాలు రెండవ సెమిస్టరుకు నమోదు కానివ్వవు. వైవా ఎగ్గొట్టి విమానమెక్కినవాడు డిసెంబరు చలిలో కూర్చుని మన పరీక్షల విభాగానికి ఉత్తరాలు రాసుకోవలసి వస్తుంది.

పట్టా విలువ ఎంతటిదో తెలియాలంటే యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. ఖద్దరు కట్టినందుకు ఆచార్యుని కోపానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టుతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మామగారి ధన సహాయంతో 1920ల తొలినాళ్ళలో బోస్టను చేరితే, ఆ సర్టిఫికెట్టు చూసి వైద్యునిగా తీసుకొనేవారు లేకపోయారు. ఆసుపత్రిలో చిన్న చాకిరీ చేస్తూనే హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదివారు. తరువాత ఆయన సాధించినది లోకానికి తెలుసు. కాని అంతటివానికే ఒక కాగితం తేడా అన్ని కష్టాలు తెచ్చిపెట్టిందంటే మన సంగతి వేరే చెప్పాలా?

ఇక పేరు సంగతి. ఇది తెలుగువారికి ప్రత్యేకమైన తలనొప్పి. పదవతరగతి మెమోలో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనుక, అంతా ఒకే వరసలో ఉంటాయి. కొందరికి ఇంటిపేరు పొడి అక్షరమే. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరుకొక గడి, అసలు పేరుకొక గడి. ఏం రాయాలో తోచక చాలామంది ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, ఉన్నదంతా రెండో గడిలో నింపేస్తారు. అలాంటి పాస్‌పోర్టుకు అమెరికా వీసా ఇచ్చేటప్పుడు మొత్తం పేరును ఇంటిపేరుగా తీసుకొని, అసలు పేరు ఉండవలసిన చోట 'ఎఫ్.ఎన్.యు.' అని అచ్చువేస్తారు. పేరు తెలియదని దాని భావం. బ్యాంకు ఖాతా దగ్గరనుంచి డ్రైవింగు లైసెన్సు దాకా ఆ మూడక్షరాలు వెంటాడతాయి. బారసాలనాడు బియ్యంలో రాసిన పేరు ఏమైపోయినట్టు? మూడో సెమిస్టరులోనే మెమో, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టుకొని అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఐ-20 వచ్చాక దిద్దడం మొదలుపెడితే ఒకటి దిద్దేసరికి ఇంకొకటి తప్పౌతుంది.

డబ్బు విషయం మరీ సున్నితమైనది. మొదటి సంవత్సరపు ఫీజు, జీవనవ్యయం మన చేతిలో ఉన్నట్టు చూపితేనే ఐ-20 ఇస్తారు. పెద్ద అప్పుకు బ్యాంకు ఆస్తి తాకట్టు అడుగుతుంది. లింకు దస్తావేజులు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఇ.సి., లాయరు అభిప్రాయం, ఇంజనీరు విలువకట్టడం - ఇదంతా కావడానికి వారాలు పడుతుంది. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తాకట్టుకు ఒప్పుకోవు. పల్లెల నుంచి వచ్చిన మనలో చాలామందికి ఉన్నది అదేనాయె! మా నాన్నగారు ఊళ్ళో ఇల్లు పెట్టారు. సంతకం చేసిన రోజు ఆయన నాతో ఏమీ అనలేదు, "పరీక్షలు ఎప్పుడు?" అని మాత్రం అడిగారు.

అప్పు తీర్చే లెక్క కూడా ముందే వేసుకోవాలి. చదువయ్యాక పన్నెండు నెలలు, సైన్సు, ఇంజనీరింగు వారికి మరో ఇరవైనాలుగు నెలలు అక్కడ పనిచేయవచ్చుననే నిబంధన మీద మనవాళ్ళ లెక్కలన్నీ నిలబడి ఉన్నాయి. అయితే 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడే చదువుకుని వీసా మార్చుకునేవారికి అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. ఆ మధ్య రోజుల్లో మా హాస్టల్లో నిద్రపోయినవారు తక్కువ.

ఇప్పుడు స్లాటు కథ. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు తెరవకముందు హైదరాబాదు వాళ్ళు చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు పోయేవారని మా సీనియర్ ఆచార్యులు చెబుతారు. 2023 మార్చిలో కాన్సులేటు నానక్‌రాంగూడకు మారింది. వేలిముద్రలు తీసుకొనే కేంద్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషనులోనే ఉంది. ఇది నాకు కలిసివచ్చింది. నా ప్రాజెక్టు మాదాపూర్‌లోని ఒక కంపెనీలో. తార్నాకలో ఎక్కితే రైలు మారకుండా హైటెక్ సిటీలో దిగవచ్చు. వేలిముద్రలనాడు కూడా పది గంటలకల్లా నా బల్ల దగ్గర ఉన్నాను. అందరికీ ఇలా కుదరదు. ఇక్కడ ఖాళీ లేక చెన్నైకో, కలకత్తాకో, ముంబైకో పోయేవారున్నారు. అటువంటి ప్రయాణం ఇంటర్నల్ పరీక్షనాడు పడకుండా చూసుకోవడం వాళ్ళ పని. పొరుగు దేశాలకు పోయి ముద్ర వేయించుకొచ్చే పాత అలవాటుకు కూడా 2025 సెప్టెంబరులో అడ్డుకట్ట పడింది. పౌరులైన దేశంలోనో, నివాసమున్న దేశంలోనో మాత్రమే దరఖాస్తు చేయాలన్నారు. అదే ఏడు మే 27 నుంచి జూన్ 18 దాకా విద్యార్థులకు కొత్త స్లాట్లే ఇవ్వలేదు. ఐ-20 చేతిలో పెట్టుకుని ఎందరో జనవరికి వాయిదా వేసుకున్నారు. వాళ్ళలో ఇక్కడి పట్టా చేతికొచ్చినవారు ఈలోగా ఉద్యోగమో, మరొకటో చూసుకోగలిగారు. పట్టా లేనివారు రెంటికీ చెడ్డారు.

ఈ కంగారునే పెట్టుబడిగా చేసుకొని బతికేవారు కొందరు బయలుదేరారు. బ్యాంకులో నిల్వ చూపిస్తాం, అనుభవ పత్రం రాయిస్తాం అంటారు. అబద్ధపు కాగితం బయటపడితే అమెరికాలో ప్రవేశం శాశ్వతంగా మూసుకుపోవచ్చు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మీద దాడి జరిగినప్పుడు మన తెలుగు పిల్లల్లో కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 2019లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమనేది అక్కడి ప్రభుత్వమే పన్నిన వల అని తేలింది. 129 మంది భారతీయులను నిర్బంధిస్తే వారిలో అధికులు తెలుగువారే. చదవకుండా పనిచేసుకోవచ్చునని ఎవరైనా చెబితే ఆ మాట దగ్గరే లేచి వచ్చేయడం మేలు.

ప్రాజెక్టు విషయంలో నేను పాటించిన పద్ధతి చెబుతాను. కంపెనీలో రాసిన ప్రోగ్రాము బయటికి తేనివ్వరు. కనుక ఏది థీసిస్‌లో పెట్టవచ్చునో మొదటి నెలలోనే రాతపూర్వకంగా అడిగి పుచ్చుకున్నాను. రోజూ పోను ముప్పావుగంట, రాను ముప్పావుగంట మెట్రోలో గడిచేది. సీటు దొరికిననాడు అధ్యాయాలు రాసుకోవడం, దొరకనినాడు గైడుగారి దిద్దుబాట్లు చదువుకోవడం. ఆయన సంతకం ఏప్రిల్‌లోనే అయింది. టీకాలు కూడా ఈ రోజుల్లోనే వేయించుకున్నాను. ఎం.ఎం.ఆర్. రెండు మోతాదులకు మధ్య కనీసం 28 రోజులుండాలి, చివరి వారంలో పరుగెత్తితే లాభం లేదు. ఆవకాయ ఎలా కట్టాలో మీ అమ్మగారికి నాకన్నా బాగా తెలుసు.

ఒకటి మాత్రం మరచిపోవద్దు. కాన్వొకేషన్ పట్టా మనం వెళ్ళాకే వస్తుంది. దాని కోసం నమ్మకమైన స్నేహితునికో, తమ్ముడికో అధికారపత్రం రాసి, దానితోబాటు హాల్‌టికెట్టు నకలు, గుర్తింపుకార్డు నకలు ఇచ్చి వెళ్ళండి. సీలు వేసిన ట్రాన్స్‌క్రిప్టులు రెండు మూడు ఎక్కువే తీసుకోండి. ఒరిజినళ్ళు చేతిసంచీలో పెట్టుకోవాలి, పెట్టెలో వేయకూడదు.