తెర మినుకుమంటే లాప్‌టాప్ చెడిపోయినట్లేనా?

మన సంఘాలలో పాల పుస్తకం పక్కకు కంప్యూటరు వచ్చి చాలా కాలమయినది. కాటా మీది తూకం, పరీక్ష యంత్రం చూపిన వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర ఇవన్నీ లాప్‌టాప్ తెర మీద కనిపించి, చీటీ మీద అచ్చయి సభ్యుని చేతికి వస్తున్నవి. అందుచేత పాలు పోసే వేళ ఆ తెర ఒక్క క్షణం మినుకుమన్నా వరుసలో నిలుచున్న వారికి అనుమానం కలగడం సహజమే.

తనిఖీకి వెళ్ళినపుడు ఈ విషయమై మాకు వినవచ్చే మాట దాదాపు ఎక్కడయినా ఒకటే. "కాసేపు బాగుంటుందండీ, కాసేపు వణుకుతుంది. పట్నం తీసుకుపోతే అక్కడ ఏమీ లేదంటారు. తిరిగి తెస్తే మళ్ళీ మామూలే." ఇందువల్ల సంఘానికి రెండు విధాల నష్టం. ఒకటి, లెక్కల మీద సభ్యులకు నమ్మకం సడలడం. రెండు, కార్యవర్గం విసిగిపోయి, లోపం ఎక్కడున్నదో తెలియకుండానే కొత్త యంత్రానికి తీర్మానం చేయడం. ఈ రెండింటినీ తప్పించుకునే మార్గం వున్నది. దానికి ఇంజనీరు చదువు అక్కరలేదు. ఓర్పు, ఒక నోటు పుస్తకం చాలును.

లెక్కలకు భయం లేదు

ముందుగా సభ్యులు తెలుసుకోవలసినది ఇది. తెర అనేది చూపించే అద్దం వంటిది. లెక్క వుండేది తెరలో కాదు, యంత్రం లోపలి భాండాగారంలో. తెర వణికినంత మాత్రాన 6.2 వెన్న శాతం 5.2 కాదు. చీటీ మీద అచ్చయిన అంకె, యంత్రంలో నిలువయిన అంకె ఒకటేనా అన్నది ఎప్పుడయినా సరిచూసుకోవచ్చును.

అయితే ప్రమాదం మరొక చోట వున్నది. కాటా, పరీక్ష యంత్రం లాప్‌టాప్‌కు కలిపి లేని సంఘాలలో అంకెలను చేతితో కొట్టవలసి వుంటుంది. తెర సరిగా కనబడని సమయంలో కొడితే తప్పు పడవచ్చును. కావున మినుకు తగ్గేవరకు ప్రతి సభ్యునికి చీటీ ఇవ్వడంతోపాటు చేతి రిజిష్టరులో కూడా వ్రాయవలెను. ప్రతి పూటా సేకరణ ముగిసిన తరువాత లెక్కల నకలు ఒక పెన్‌డ్రైవులోకి తీసి పెట్టవలెను. మినుకుతోపాటు యంత్రమంతా ఆగిపోవుచున్నట్లయితే అది వేరే జబ్బు. అప్పుడు వ్రాస్తున్న పద్దు పోయే అవకాశం వున్నది. దానిని వెంటనే బాగుచేయించవలెను.

బొమ్మ నడిచే దారి

పాలు పొదుగు నుండి చెంబుకు, చెంబు నుండి క్యానుకు, క్యాను నుండి బండికి, బండి నుండి శీతల కేంద్రానికి పోతాయి. అక్కడ విరిగినవని తెలిస్తే వెంటనే గేదెను అమ్ముకోము గదా! ఏ మజిలీలో చెడినవో విచారిస్తాము. తెర విషయమూ అంతే.

సాధారణమైన లాప్‌టాప్ తెరకు స్వంత వెలుగు లేదు. వెనుక ఎల్.ఇ.డి. దీపాలు వుంటాయి. వాటి ముందున్న ద్రవ స్ఫటికపు పొర చిన్న చిన్న కిటికీల వలె వెలుగును వదలుతూ, ఆపుతూ బొమ్మను ఏర్పరుస్తుంది. ఈ బొమ్మ సాధారణంగా సెకనుకు 60 సార్లు కొత్తగా వేయబడుతుంది. అది వచ్చే దారి ఇది: మొదట మనం వాడే ప్రోగ్రాము, తరువాత డ్రైవరు అనబడే సహాయ ప్రోగ్రాము, తరువాత బొమ్మలను తయారుచేసే చిప్, అక్కడినుండి మూత కీలు గుండా పోయే సన్నని కేబుల్, చివరకు తెర. వీటన్నిటికీ కరెంటు కావలెను. ఈ దారిలో ఎక్కడ వదులయినా తెర మినుకుమంటుంది. ఎక్కడ వదులయినదో కనుక్కోవడమే మన పని.

ముందు నాలుగు రోజులు వ్రాయండి

వచ్చి పోయే లోపాన్ని పట్టుకోవడానికి మొదటి సాధనం కలమే గాని స్క్రూడ్రైవరు కాదు. మినుకు వచ్చిన ప్రతిసారి ఈ సంగతులు నోటు పుస్తకంలో వ్రాయవలెను: ఏ పూట, ఎన్ని గంటలకు, చార్జరు తగిలించి వున్నదా, దాని దీపం వెలుగుతున్నదా, మూత ఎంత తెరచి వున్నది, ఏ ప్రోగ్రాము నడుస్తున్నది, బల్లను గాని వైరును గాని ఎవరయినా కదిపినారా, తెర మసకబారినదా, నల్లబడినదా, గీతలు పడినదా.

ఒక సంఘంలో మేము చూసినది చెప్పుచున్నాము. అక్కడ ఉదయం పూటనే మినుకు వచ్చేది, సాయంత్రం వచ్చేది కాదు. పట్నంలో రెండుసార్లు చూపించినా లోపం కనబడలేదు. నాలుగు రోజులు వ్రాయించగా, మినుకు వచ్చిన ప్రతిసారి చార్జరు దీపం ఆరి వెలిగినట్లు తేలినది. ఉదయం పాలు ఎక్కువ. నిండిన క్యానులు బల్ల పక్కగా జరిపేవారు. బల్ల కదలినపుడల్లా ఎక్స్‌టెన్షన్ పెట్టెలో వదులుగా వున్న ప్లగ్గు సందు ఇచ్చేది. కరెంటు పోయిన క్షణం యంత్రం బ్యాటరీ మీదకు మారి, వెలుగు తగ్గించి, మళ్ళీ పెంచేది. సాయంత్రం క్యానులు ఆ వైపు వచ్చేవి కావు. పట్నం దుకాణంలో ప్లగ్గు గట్టిగా వుండేది. గోడకు కొత్త సాకెట్టు బిగించడంతో బాధ తీరినది. అప్పటికే కొత్త లాప్‌టాప్ కొనుగోలు విషయం సమావేశపు ఎజెండాలో చేరి వున్నది!

వరుసగా చేయవలసిన పరీక్షలు

ఒకసారికి ఒకే మార్పు చేయవలెను. ఒకేసారి దాణా మార్చి, మందు వేసి, కొట్టం మార్చితే పాలు ఎందువల్ల పెరిగినవో ఎవరూ చెప్పలేరు.

1. చార్జరు పరీక్ష. చార్జరు తీసివేసి బ్యాటరీ మీద పది నిమిషాలు నడపండి. తరువాత మరొక గట్టి సాకెట్టులో పెట్టి చూడండి. మన ఊళ్ళలో ఏది మినుకుమన్నా నేరం ఓల్టేజి మీద వేయడం అలవాటు. బల్బు విషయంలో అది నిజం కావచ్చును గాని, లాప్‌టాప్ చార్జర్లు చాలావరకు 100 నుండి 240 ఓల్టుల వరకు తట్టుకునేటట్లు చేసినవి. ఆ సంగతి చార్జరు మీదే అచ్చువేసి వుంటుంది. పైగా మధ్యలో బ్యాటరీ వున్నది. కావున ఓల్టేజి కన్న వదులు ప్లగ్గును, ఎలుకలు కొరికిన వైరును, యంత్రానికి సరిపడని చార్జరును ముందుగా అనుమానించవలెను.

2. మూత పరీక్ష. మూతను మెల్లగా ముందుకు, వెనుకకు వంచి చూడండి. ఒక కోణంలో బాగుండి, మరొక కోణంలో మినుకుమంటే కీలు గుండా పోయే కేబుల్ అరగడమో, దాని అతుకు వదులు కావడమో కారణం కావచ్చును. ఇది పేరున్న యంత్రాలకూ తప్పదు. యాపిల్ సంస్థ 2016లో విడుదల చేసిన 13 అంగుళాల మాక్‌బుక్ ప్రోలలో కొన్నిటికి తెర వెనుక వెలుగు చెడుతున్నదని, 2019 మే నెలలో వాటిని ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించవలసి వచ్చినది. మూత తెరిచి మూసినపుడల్లా నలిగే సన్నని కేబులే అందుకు మూలమని మరమ్మతు నిపుణులు చూపించినారు. కావున మూతను ఒక మూల పట్టి లాగవద్దు. నడుమ పట్టి తెరవండి.

3. టార్చి పరీక్ష. తెర నల్లబడినపుడు టార్చిలైటును ఏటవాలుగా వేసి చూడండి. లోపల బొమ్మ లీలగా కనిపిస్తే బొమ్మ వస్తున్నది, వెనుక వెలుగే పోయినదని అర్థం.

4. రెండవ తెర పరీక్ష. హెచ్.డి.ఎం.ఐ. వైరుతో ఒక టి.వి.ని కలపండి. విండోస్ మీటతో పి అక్షరం నొక్కి, రెండింటి మీద ఒకే బొమ్మ వచ్చే పద్ధతిని ఎంచుకోండి. టి.వి. నిలకడగా వుండి లాప్‌టాప్ తెర మాత్రమే వణికితే అనుమానం కేబుల్, తెర, వెలుగుల మీదకు పోతుంది. రెండూ వణికితే ప్రోగ్రాము, డ్రైవరు, చిప్ లలో ఒకటి.

5. విండోస్ రాకముందు పరీక్ష. యంత్రాన్ని ఆపి, తిరిగి వేసిన వెంటనే కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్10, డిలీట్ మీటలలో ఒకటి నొక్కితే బయోస్ అనే తెర వస్తుంది. అక్కడ ఏమీ మార్చవద్దు. కొంతసేపు చూడండి, మూత కదిపి చూడండి. అక్కడ కూడా మినుకుమంటే లోపం వస్తువులోనే గాని విండోస్‌లో కాదు. ఎంతసేపు చూసినా అక్కడ నిలకడగా వుండి విండోస్‌లోనే వణికితే డ్రైవరును, అమరికలను చూడవలెను. కొన్ని డ్రైవరు లోపాలు లాప్‌టాప్ తెరను మాత్రమే పట్టుకుంటాయి. అందువల్ల నాలుగవ పరీక్ష ఒక్కదానితోనే తీర్పు చెప్పవద్దు.

6. టాస్క్ మేనేజర్ పరీక్ష. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. వచ్చిన చిన్న కిటికీ కూడా మిగతా తెరతోపాటు వణికితే డ్రైవరును అనుమానించవలెను. అది నిలకడగా వుండి మిగతా తెర వణికితే ఏదో ఒక ప్రోగ్రాము సరిపడడం లేదని మైక్రోసాఫ్ట్ సంస్థ వారి సూచన.

డ్రైవరు, అమరికలు

విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలతో బి అక్షరం నొక్కితే డ్రైవరు తిరిగి మొదలవుతుంది. తెర ఒక క్షణం నల్లబడి తిరిగి వస్తుంది, భయపడవద్దు. దానితో కొంతసేపు కుదుటపడితే డ్రైవరు మీద అనుమానం బలపడుతుంది. మినుకు ఏదయినా అప్‌డేట్ తరువాత మొదలయినదైతే డివైస్ మేనేజర్‌లోకి పోయి పాత డ్రైవరుకు మరలవచ్చును. లేనిచో యంత్రం తయారు చేసిన కంపెనీ వారి డ్రైవరును వేయించవలెను.

వెలుగు తానంతట తాను మారే అమరికలు కూడా చూడవలెను. తెరమీది బొమ్మ తెల్లగా వున్నదా, నల్లగా వున్నదా అన్నదానిని బట్టి వెలుగును హెచ్చు తగ్గులు చేసే అమరిక కొన్ని యంత్రాలలో వున్నది. దానిని మినుకని భ్రమపడతారు. ఆ అమరికను ఆపివేస్తే చాలును. వెలుగును బాగా తగ్గించి వాడితే కొన్ని తెరల దీపాలు వేగంగా ఆరి వెలుగుతుంటాయి, కొందరి కళ్ళకు అది తెలుస్తుంది. వెలుగు పెంచి చూడండి. సెల్‌ఫోనుతో తీసిన వీడియోలో కనిపించే అడ్డ చారలు మాత్రం సాక్ష్యానికి పనికిరావు. బాగున్న తెర మీద కూడా అవి కనిపించవచ్చును.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ సేవలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. భద్రత దృష్ట్యా దీనిని గురించి కార్యవర్గం ఆలోచించవలసినదే. కాని "విండోస్ పాతబడినది గనుక తెర వణుకుతున్నది, యంత్రం మార్చండి" అనే వర్తకుని మాట నమ్మి తీర్మానం చేయవద్దు. పై పరీక్షల ఫలితం అడగండి.

తగని పనులు

లాప్‌టాప్‌ను సంఘంలో విప్పవద్దు. అడుగుభాగం ఉబ్బినట్లున్నా, మూత సరిగా పడకపోయినా బ్యాటరీ ఉబ్బినదేమో అనుమానించి, చార్జరు తీసి, వాడడం ఆపివేయవలెను. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, పొడవడం నిప్పుతో చెలగాటం. క్యానులు కడిగే నీరు, ఆవిరి తగిలే చోట లాప్‌టాప్ వుంచరాదు. తడి చేతులతో ప్లగ్గు తాకరాదు. యంత్రాన్ని తాకితే జివ్వుమన్నట్లయితే ఎర్తింగును ఎలక్ట్రీషియనుచే సరిచూపించవలెను.

మరమ్మతుకు పంపేటపుడు

లెక్కల నకలు తీసిన తరువాతనే యంత్రాన్ని గడప దాటించండి. గారంటీ గడువు చూసుకోండి. నోటు పుస్తకంలోని వివరాలను, పరీక్షల ఫలితాలను ఒక కాగితం మీద వ్రాసి జతచేయండి. "అప్పుడప్పుడు వణుకుతున్నది" అని చెప్పడానికి, "మూత సగం వంచినపుడు వణుకుతున్నది, టి.వి. మీద వణకడం లేదు, బయోస్‌లో కూడా వణుకుతున్నది" అని చెప్పడానికి చాలా తేడా వున్నది. రెండవ మాట విన్న మరమ్మతుదారు నేరుగా కేబుల్ దగ్గరకు పోతాడు. కేబుల్ మార్పిడి సాధారణంగా తెర మార్పిడి కన్న చౌక. తెర మార్పిడి కొత్త యంత్రం కన్న చౌక. ఏ భాగం మార్చినా పాత భాగాన్ని, బిల్లును అడిగి తీసుకోండి. తనిఖీలో మేము వాటినే అడుగుతాము.

కొత్త లాప్‌టాప్ కొనవలసిన సందర్భాలు లేకపోలేదు. చిప్ పోయినపుడు, లేదా మరమ్మతు ఖర్చు యంత్రపు విలువకు దగ్గరయినపుడు కొనడమే మేలు. అయితే ఆ తీర్మానం ముందు ఏ పరీక్షలో ఏమి తేలినదో మినిట్సు పుస్తకంలో వుండవలెను. అధ్యక్షులు, కార్యదర్శి ఈ కాగితాన్ని కేంద్రంలో అందరికీ కనిపించేచోట అంటించినట్లయితే, లోపం ఎక్కడున్నదో సభ్యులకూ తెలుస్తుంది, అనుమానానికి తావుండదు. సంఘం ఖర్చు పెట్టే ప్రతి రూపాయి తెల్లవారుజామున లేచి పాలు పితికిన వారిదే. ఆ రూపాయిని తీసేముందు నాలుగు రోజులు ఆగి చూడడం వారికి మనం చేయగల న్యాయం.